రహమత్బీ ఎక్కితేనే కూసే బండి

ఎర్రగొండపాలెం దాటి పుల్లలచెరువు రోడ్డు ఎక్కారో లేదో, మజీద్ మళ్ళీ బండి ఆపేశాడు.

"ఎందుకు ఆపినావు?" అంది వెనక కూర్చున్న రహమత్బీ. ఎందుకో ఆమెకు తెలుసు. అడిగితేనైనా సిగ్గుపడతాడేమోనని అడిగింది.

మజీద్ సిగ్గుపడలేదు. తల వెనక్కి తిప్పి, "ఇప్పుడు వినపడిందా?" అన్నాడు.

"ఏంది?"

"కూత. నలభై దాటినాక ఊఁ... అని లేచింది చూడు. మూడో గేర్లో సన్నగా, నాలుగో గేర్లో ఇంకా సన్నగా."

"నాకు గాలి తప్ప ఏం వినపళ్ళా."

"గాలి కాదే. గాలి కింద ఇంకొకటి ఉండాది. గాలిని పక్కన పెట్టి విను."

గాలిని తీసుకెళ్ళి ఎక్కడ పక్కన పెట్టాలో రహమత్బీకి తెలియలేదు. వీపుకు నైటీలూ దుప్పట్లూ కుక్కిన పెద్ద మూట ఆనుకుని ఉంది. ముందు మొగుడి వీపు. ఆయన ముందు, పెట్రోలు ట్యాంకు మీద, లంగాల మూట ఇంకొకటి. ఈ రెండు మూటల మధ్య, ఒక పక్కకు కాళ్ళు వేలాడేసుకుని, మార్కాపురం నుంచి ఇంతదూరం వచ్చేసరికి ఆమె నడుము పట్టేసింది. ఎండ నడినెత్తికి వస్తోంది. పొద్దున కూలికి పోయిన ఆడవాళ్ళు అన్నానికి ఇళ్ళకు చేరే వేళ ఇదే. వాళ్ళు తిని మళ్ళీ చేలకు పోయేలోపు ఊళ్ళో ఉండాలి. ఆ కాస్త సమయం దాటిపోతే ఇక ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ కోళ్ళూ.

మజీద్ ఈలోగా బండి దిగి, రోడ్డు పక్కన మేకలు కాసుకుంటున్న పెద్దాయన దగ్గరికి నడిచాడు. "పెద్దాయనా, మేం వస్తా ఉంటే మీకేమన్నా చప్పుడు వినపడిందా?" అని అడుగుతున్నాడు. ఆ పెద్దాయన బండినీ, బండి మీద మూటల మధ్య ఇరుక్కున్న రహమత్బీనీ చూసి, "బండి వస్తే చప్పుడు రాదా సాయిబూ?" అన్నాడు.

"అట్ల కాదు. మామూలు చప్పుడు కాకుండా..."

"యా అల్లా," అనుకుంది రహమత్బీ, తలమీది కొంగు ముందుకు లాక్కుని.

రహమత్బీ పుట్టిందీ మార్కాపురమే, మెట్టిందీ మార్కాపురమే. మజీద్ మొదట్లో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాయి కోసేచోట లేచే దుమ్ము కొన్నేళ్ళకు ఆయన ఛాతీలో చేరింది. దగ్గు పట్టుకుని వదల్లేదు. ఆ పని మానకపోతే లాభం లేదని డాక్టరు చెప్పాక ఇంట్లో కూర్చున్నాడు. మగమనిషి పగటిపూట ఇంట్లో మంచం మీద కూర్చుంటే ఇల్లు ఎంత ఇరుకవుతుందో రహమత్బీ అప్పుడే తెలుసుకుంది. అప్పటికి ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు నైటీలు తెప్పించి అమ్ముతూ ఉండేది. ఒకరోజు వాటన్నిటినీ పాత దుప్పట్లో మూటగట్టి, గుమ్మంలోకి తెచ్చి పడేసి, "బండి తియ్యి," అంది.

అప్పటినుంచి ఇదే బతుకు. ఒకరోజు పుల్లలచెరువు వైపు, ఒకరోజు హనుమంతునిపాడు వైపు, అప్పుడప్పుడు దర్శి దాకా. ఊళ్ళల్లో ఆమెను నైటీల రహమత్తమ్మ అంటారు. ఆయన్ను రహమత్తమ్మ సాయిబు అంటారు. భార్య పేరుతో పిలిస్తే మొహం ముడుచుకునే రకం కాదు మజీద్. ఆమె ఒక ఇంటి పంచలో మూట విప్పితే ఆయన పక్కింటి అరుగు మీద ముసలివాళ్ళ మధ్య చేరేవాడు. ఫ్యాక్టరీ కబుర్లు, మార్కాపురం కబుర్లు, ఉన్నవీ లేనివీ కలిపి చెప్పి నవ్వించేవాడు. మగవాళ్ళు నవ్వుతుంటే ఇంటి ఆడవాళ్ళకు మనసు తేలికయ్యేది, ఇంకొక నైటీ తీసి చూసేవాళ్ళు. సగం బేరం ఆయన నవ్వే చేస్తోందని రహమత్బీకి తెలుసు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కుతాడు.

ఆ నవ్వు కాస్తా రంజాన్ వెళ్ళినప్పటి నుంచి పోయింది.

పండగయ్యాక బేరం పెంచుదామని దుప్పట్లు కూడా తెచ్చారు. దుప్పట్లు బరువు కాబట్టి బండి వెనక ఇనప క్యారేజీ వెల్డింగు చేయించారు. చైను వదులుగా ఉందని కంభం రోడ్డులో షెడ్డు ఉన్న బాబావలి దగ్గర బిగించుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడో మజీద్ చెవిలో ఈ కూత పడింది. పడింది పడినట్టు అక్కడే కాపురం పెట్టింది.

ఇక ఆయనకు వేరే లోకం లేదు. దోవలో బండి ఆపి చెవి కింద పెట్టేవాడు. ఊళ్ళో ఆమె మూట విప్పితే ఆయన అరుగు మీదికి పోకుండా బండి పక్కనే గొంతుక్కూర్చుని చైను వైపు చూస్తూ ఉండేవాడు. "సాయిబుకు ఒంట్లో బాగలేదా అక్కా?" అని అడిగేవాళ్ళు ఆడవాళ్ళు. "ఆయనకు బాగానే ఉంది. బండికి బాగలేదంట," అనేది ఆమె.

ఒకసారి ఎత్తు నుంచి దిగుడు రోడ్డులో పడగానే ఇంజను ఆపేశాడు, బండి పోతుండగానే. వెనక ఇంత మూట, ముందు ఇంత మూట, మధ్యలో ఇద్దరు మనుషులు. ఇంజను సద్దు లేకుండా బండి కిందికి జారిపోసాగింది.

"ఏం చేస్తా ఉండావయ్యా!" అని రహమత్బీ ఆయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని అరిచింది.

"మాట్లాడాకు! విను! ఇంజను లేకపోయినా కూస్తా ఉండాది! అంటే ఇంజనులో కాదన్నమాట!"

ఆ అరుపులో ఎంత సంతోషమో. కొడుకు పుట్టాడని చెప్పినప్పుడు కూడా అంత సంతోషం చూడలేదు ఆ మనిషిలో. అవును, ఆ రోజు రహమత్బీకి కూడా వినపడింది. ఇంజను చప్పుడు లేని ఆ కాసేపట్లో, కాళ్ళ కింద ఎక్కడో, దారం లాగినట్టు సన్నటి ఊళ. కానీ ఆమె చెప్పలేదు. చెబితే ఇక తన గతి ఏమవుతుందో ఊహించుకుని నోరు మూసుకుంది.

ఆ తర్వాత ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఫోను కాలికి గుడ్డతో కట్టుకుని బండి తోలేవాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని అది పెట్టేవాడు. అన్నం పళ్ళెం పక్కన ఫోను, ఫోనులోంచి బర్రుమని గాలి. డిగ్రీ చదువుతున్న కూతురు బుష్రా మొదటిరోజు శ్రద్ధగానే విన్నది.

"దోమ లాగుంది అబ్బా," అంది.

మజీద్ మొహం చిన్నబోయింది. "దోమ కాదమ్మా. నువ్వు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను," అన్నాడు. ఆ పిల్ల మరుసటి రోజు నుంచి తండ్రి కంటే ముందే తిని లేచిపోవడం అలవాటు చేసుకుంది.

బాబావలి చేతిలో పని ఉన్నవాడే. మజీద్ చెప్పినదంతా విని, బండి తీసుకుని కంభం రోడ్డు మీద అంతదూరం పోయి వచ్చాడు.

"మజీద్ భాయ్, ఏం చప్పుడు లేదు. వెన్న మాదిరి పోతా ఉండాది."

"నలభై దాటించినావా?"

"అరవై పట్టినా."

మజీద్ తానే ఎక్కి పోయి వచ్చాడు. నిజంగానే లేదు. బాబావలి ముందు అబద్ధాలకోరులా నిలబడాల్సి వచ్చింది. బతిమాలితే ఇంజనాయిలు మార్చాడు. "చైను కొంచెం వదులుగా ఉండాదేమో, దానికి అట్ల అనిపిస్తాది," అని, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ఇంకొంచెం బిగించి పంపాడు. మర్నాడు హనుమంతునిపాడు దోవలో, మూటలతో రహమత్బీతో పోతుంటే, కూత మునుపటి కంటే ముందే అందుకుంది.

గిద్దలూరులో ఉన్న బావమరిదికి ఫోనులో ఆ రికార్డు పంపాడు మజీద్. ఆయన అది విన్నాడో లేదో గానీ, తన ఎరికలో మంచి మెకానిక్కు ఉన్నాడని చెప్పాడు. బేరం మానుకుని మజీద్ ఒక్కడే గిద్దలూరు పోయాడు. అక్కడి మెకానిక్కు చైనూ, దాని పళ్ళ చక్రాలూ అన్నీ మార్చేశాడు. "కొత్త చైను సాగుతాది భాయ్, అందుకే ఒక పట్టు ఎక్కువ బిగించినా," అన్నాడు. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా బండి కిక్కురుమనలేదు. మజీద్ ఇంటికి వచ్చి మల్లెపూలు ఇచ్చాడు భార్యకు. పెళ్ళయ్యాక మల్లెపూలు తెచ్చిన రోజులు ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు.

పొద్దున్నే మూటలు కట్టుకుని బయల్దేరారు. ఊరు దాటీ దాటకముందే బండి ఊళ పెట్టింది. ఈసారి సన్నగా కాదు. పక్కన స్కూటరు మీద పోతున్నవాడు తల తిప్పి చూశాడు.

"విన్నావా?" అన్నాడు మజీద్ ఏడుపు గొంతుతో.

"విన్నా," అంది రహమత్బీ. ఇంకేం దాస్తుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మజీద్ తల వంచుకుని తింటున్నాడు. ఫోను పెట్టలేదు. పోనీలే, విసుగు పుట్టిందేమో అనుకుని ఆమె కొంచెం ఊపిరి పీల్చుకుంది. కూర వడ్డిస్తుంటే ఆయన ఉన్నట్టుండి తలెత్తాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"రహమత్, నాకు అర్థమైంది. బాబావలి తోలితే రాలేదు. నేనొక్కడినే తోలితే రాలేదు. గిద్దలూరు నుంచి వచ్చేటప్పుడు రాలేదు."

"అయితే?"

"నువ్వు ఎక్కితేనే వస్తాంది."

గరిటె గాలిలోనే ఆగింది. బుష్రా తన పళ్ళెం తీసుకుని చప్పుడు చేయకుండా అవతలి గదిలోకి పోయింది.

"అంటే?" అంది రహమత్బీ.

"అంటే... నువ్వు కూర్చున్నప్పుడు... బరువు..." అప్పటికి మజీద్‌కు తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో తెలిసివచ్చింది. కానీ ఆగలేకపోయాడు. "నేనేమీ తప్పు పట్టడంలా. ఉన్న మాట చెప్తా ఉండా."

రహమత్బీ ఒళ్ళు చేసిన మనిషే. ఇద్దరు పిల్లల్ని కన్నది, ఇంతకాలం ఎండలో తిరిగింది, ఇంటికి వచ్చి చపాతీలు ఒత్తింది. ఎవరూ ఆమె ఒంటి గురించి ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఒక ఇనప బండి అంటోంది, దాని మాట నమ్మి మొగుడు అంటున్నాడు.

"బండి బయటికి తీసిందే నా మూట మొయ్యడానికి. నేను ఎక్కితే కూస్తాందా? అయితే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చో," అని గరిటె గిన్నెలో పడేసి లేచిపోయింది.

అంతటితో పోయేదే. కానీ మర్నాడు పక్కింటావిడ నవ్వాపుకుంటూ వచ్చి, బాబావలి షెడ్డు దగ్గర టీ తాగేవాళ్ళందరి ముందూ మజీద్ ఈ మాట చెప్పాడనీ, తన మొగుడు కూడా అక్కడే ఉండి విన్నాడనీ చెప్పింది. రహమత్బీకి అరికాళ్ళ నుంచి మంట లేచింది. మొగుడితో ఒక్క మాట అనలేదు. నైటీలు చిన్న మూట కట్టుకుంది. ఆర్టీసీ బస్టాండుకు నడిచి, ఎర్రగొండపాలెం బస్సెక్కింది. అక్కడ దిగి, మిరపకాయల బస్తాల మధ్య షేర్ ఆటోలో కూర్చుని, పుల్లలచెరువు అవతల యేసుమణి వాళ్ళ ఊరు చేరింది.

యేసుమణి కూలి పనులకు పోయే మనిషి. చర్చి పక్క వీధిలో ఇల్లు. రహమత్బీ ఎప్పుడు పోయినా ఆ పంచలోనే మూట విప్పుతుంది.

"ఒక్కదానివే వచ్చినావేంది అక్కా? సాయిబు ఏడీ?" అంది యేసుమణి, చెంబుతో నీళ్ళిస్తూ. ట్యాంకరు రెండురోజులుగా రాలేదని చెబుతూనే నిండుగా ఇచ్చింది.

"రాలేదు. నేనే వద్దన్నా. ఆయన గోల ఆయనది, నా గోల నాది."

యేసుమణి ఆమె మొహం చూసి మరి అడగలేదు. మగవాళ్ళెవరూ లేరు కదా అని మూట పంచలో కాకుండా ఇంట్లోకి తెమ్మంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. తలుపు దగ్గరగా వేశారు. రహమత్బీ ఇంతకాలంగా ఆ ఊరు వస్తోంది, కానీ ఆ రోజు విన్న మాటలు ఎప్పుడూ వినలేదు. ఒకామె లోపల వేసుకునేవి ఎందుకు తేవని అడిగింది. ఇంకొకామెకు కడుపు ఆపరేషనయింది, నాడా నొక్కుకుంటోంది, నాడా లేని లంగా ఉంటుందా అంది. పసిబిడ్డతల్లి ముందుకు తెరుచుకునే నైటీ కావాలంది. ఒక పెద్దావిడ నైటీ వేసుకుని చూసి, సిగ్గుపడి, నవ్వి, అందర్నీ నవ్వించి, అదే ఉంచేసుకుంది.

"ఇవన్నీ ముందే అడగొచ్చు కదమ్మా?" అంది రహమత్బీ.

"ఎట్ల అడుగుతామక్కా? సాయిబు మంచోడే గానీ ఆ పక్కరుగు మీద గోడకానుకునే కూర్చోనుంటాడు," అంది యేసుమణి.

తెచ్చిన మూటలో చివరికి చేతిసంచిలో పట్టేటన్ని మిగిలాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు మూటల మధ్య ఇరుక్కోకుండా, ఎవరూ విన్నావా అని అడగకుండా, ఆమె దోవ పొడుగునా కంది చేలనూ మధ్యమధ్య బీడునూ చూస్తూ వచ్చింది. కోపం ఉందా లేదా అని ఒకసారి వెతుక్కుంది. ఉంది. కానీ పొద్దున్నంత లేదు.

మార్కాపురం బస్టాండులో మజీద్ నిలబడి ఉన్నాడు. ఏ బస్సుకు వస్తుందో తెలియక వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ పోయి చూసినట్టుంది, చొక్కా తడిసిపోయింది. ఆమె చేతిలో సంచి తీసుకున్నాడు.

"నీ మూటలు రెండూ కట్టుకుని తర్లుపాడు దాకా పోయి వచ్చినా. నువ్వు లేకుండా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయితే?"

"కూసింది. కొంచెమే. కానీ కూసింది."

"అంటే ఇప్పుడు తప్పు నాది కాదంటావా?"

మజీద్ నిజాయితీపరుడు. అదే ఆయనతో వచ్చిన తంటా. కాసేపు ఆలోచించి, "మొత్తం నీది కాదు," అన్నాడు.

రహమత్బీ బస్టాండులో నలుగురి మధ్య ఉన్నది కాబట్టి ఊరుకుంది. కానీ తెల్లారి టీ తాగగానే, "మూటలు కట్టు," అంది.

"ఏ ఊరికి?"

"బాబావలి షెడ్డుకి. నలుగుర్లో నా మాట అన్నది అక్కడే కదా. అక్కడే తేల్చుకుంటా."

షెడ్డు ముందు వాళ్ళ బండి ఆగేసరికి బాబావలి టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూటల మధ్య ఆమెను చూసి గ్లాసు కింద పెట్టాడు. "సలాం ఆపా," అన్నాడు. పక్కన టీ తాగేవాళ్ళు వినడానికి వీలుగా మాటలు ఆపేశారు.

"ఏం తమ్ముడూ, నేనెక్కితే బండి కూస్తాదంట, నువ్వు కూడా నవ్వినావంట," అంది, బండి దిగకుండానే.

"నేను నవ్వలేదాపా. వీళ్ళు నవ్వినారు."

"సరే. కూస్తాంది నిజమే. నేనూ విన్నా. ఎందుకు కూస్తాందో చెప్పు."

"చైనే కదాపా అంటా ఉండాడు భాయ్. చూపిస్తా దిగండి." వాళ్ళు దిగాక బండిని సెంటర్ స్టాండు మీదికి లాగాడు. మూటలు విప్పించాడు. చైనును వేలితో పైకీ కిందికీ ఆడించాడు. "చూడండి, ఉండాల్సినంత వదులు ఉండాది. ఇంకా కావాలంటే కొంచెం బిగిస్తా."

రహమత్బీకి మండింది. యంత్రాల సంగతి ఆమెకేం తెలియదు. కానీ ఒకటే మాట ఇన్నాళ్ళుగా వింటోంది: బిగిస్తా, బిగిస్తా. ఆయిలు మార్చినాయనా బిగించాడు, చైను మార్చినాయనా బిగించాడు, రోగం మాత్రం పెరిగింది.

"నేనెక్కితే వచ్చే రోగాన్ని నన్ను దించి చూస్తావేంది?" అంది. "స్టాండు దించు. మూటలు కట్టండి. మేమిద్దరం ఎక్కి కూర్చుంటాం. అప్పుడు చూడు దాని సంగతి."

బాబావలి మొహమాటపడ్డాడు. ఆడమనిషి బండి మీద కూర్చుని ఉండగా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చైను చూడటం ఎట్లా అని మజీద్ వైపు చూశాడు. మజీద్ భార్య వైపు చూశాడు.

"ఆపా అని పిలిచినావా లేదా? అక్కనే కదా, కూర్చో," అంది ఆమె.

మూటలు కట్టారు. మజీద్ ఎక్కి రెండు కాళ్ళూ నేలకు ఆనించాడు. రహమత్బీ ఎక్కింది. బండి వెనకభాగం షాకబ్జర్ల మీద కుంగింది. టీ తాగేవాళ్ళలో ఒకడు ఏదో అనబోయి, ఆమె చూపు చూసి మానుకున్నాడు. బాబావలి తల దించుకుని వచ్చి గొంతుక్కూర్చుని చైను కింద వేలు పెట్టి పైకి నెట్టాడు. నెట్టి ఆగాడు. మళ్ళీ నెట్టాడు.

"అరె," అన్నాడు.

"ఏంది?" అన్నాడు మజీద్.

"కదల్లేదు భాయ్. కరెంటు తీగ మాదిరి బిగుసుకోనుండాది." లేచి నిలబడ్డాడు. ఎవరి మొహం చూడకుండా గుడ్డతో వేలు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. స్టాండు మీద చక్రం వేలాడుతుంటుంది, అప్పుడు చైను వదులుగానే కనపడుతుంది. బరువు పడి వెనక కుంగితే చైను లాక్కుంటుంది. మామూలు బండికయితే ఆ కాస్త వదులూ సరిపోతుంది. ఇంత బరువు మోసే బండికి ఇంకా వదులు వదలాలి. వదలకుండా బిగించుకుంటూ పోతే చైను పళ్ళ మీద రాపిడి పెట్టి కూస్తుంది. "నేనే బిగించినా ఆపా మొదట. తర్వాత గిద్దలూరాయన ఇంకా బిగించినాడు," అన్నాడు. ఆ రెండో మాట అనేటప్పుడు ఆయన గొంతులో కొంచెం ఊరట వినపడింది.

"అంటే నా బరువు కాదు," అంది రహమత్బీ, టీ తాగేవాళ్ళకు వినపడేట్టు.

"మీ బరువుకు బండి సరిపోతాది ఆపా. మా బిగింపే సరిపోలా."

అక్కడికక్కడే చైను వదులు చేశాడు. వాళ్ళను మళ్ళీ ఎక్కించి, వేలు పెట్టి చూసుకుని, ఒకసారి తిరిగి రమ్మన్నాడు. కూత సగానికి పైగా పోయింది. కానీ అడుగున ఒక గరగర మిగిలింది. అన్నాళ్ళ లాగుడుకు గేర్ బాక్సులో చైను చక్రాన్ని మోసే బేరింగు అరిగిపోయిందన్నాడు బాబావలి. బండి విప్పాలన్నాడు. విప్పడానికి, సామాను ఒంగోలు నుంచి రావడానికి, అది వేరే కొలతది వచ్చి మళ్ళీ పంపడానికి, ఒక వారం పైన పట్టింది. మజీద్ రోజూ పొద్దున పోయి షెడ్డులో కూర్చునేవాడు. రహమత్బీ బస్సుల్లో ఆటోల్లో తిరిగింది. యేసుమణి వాళ్ళు చెప్పినవన్నీ తెచ్చి ఇచ్చింది. హనుమంతునిపాడు వైపు కూడా ఒక్కతే పోయి, తలుపులు వేయించి మూట విప్పింది.

బండి బాగై వచ్చాక, మూటలు కట్టుకుని ఇద్దరూ పుల్లలచెరువు బయల్దేరారు. ఎర్రగొండపాలెం దాటేదాకా మజీద్ నోరెత్తలేదు. దాటాక బండి ఆపాడు.

"ఇప్పుడెందుకు ఆపినావు?" అని అరిచింది రహమత్బీ.

మజీద్ వెనక్కి తిరిగాడు. "ఏం వినపళ్ళేదు," అన్నాడు అనుమానంగా. "నీకేమన్నా వినపడిందా?"

రహమత్బీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిడికిలి బిగించి మొగుడి వీపు మీద ఒకటి గుద్దింది. "పోనీ! పోనీ బండి! ఆడోళ్ళు అన్నాలకు వచ్చేస్తారు!"

ఆ మధ్యాహ్నం ఆమె యేసుమణి పంచలో దుప్పట్లు పరిచి చూపిస్తుంటే పక్కింటి అరుగు మీద నుంచి నవ్వులు వినపడ్డాయి. మజీద్ ముసలివాళ్ళకు బేరింగు కథ చెబుతున్నాడు. అందులో భార్య షెడ్డుకు దండెత్తి వచ్చిన భాగం బాగా పెంచి చెబుతున్నాడని ఆమెకు గొంతును బట్టే తెలిసింది. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, యేసుమణి అప్పటికే రెండో దుప్పటి మడత విప్పమంటోంది.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున ఆమె చిన్న మూట ఒక్కటే కట్టుకుంటుంటే మజీద్ బండి తుడుస్తున్నాడు.

"పెద్ద మూటేదీ?" అన్నాడు.

"ఈరోజు నేను బస్సులో పోతా. మంగళవారాలు నేనొక్కదాన్నే పోతా."

"బండి బాగైంది కదే! ఒక్క చప్పుడు లేదు. ఇంకా కోపమేనా?"

"కోపం కాదు. లోపలివి అమ్మేటప్పుడు నువ్వు గోడకానుకుని ఉంటే వాళ్ళు నోరు తెరవరు."

మజీద్ చేతిలో గుడ్డ ఆగింది. ఇన్నేళ్ళుగా తాను ఆ గోడలకు ఆనుకుని ఉండటం వల్ల అమ్ముడుపోనివి ఎన్నుంటాయోనని ఆయన మనసులో తిరుగుతున్నట్టుంది. గుడ్డ పక్కన పడేసి బండి తీశాడు.

"బస్టాండు దాకా అయినా దింపుతా, ఎక్కు," అన్నాడు.

రహమత్బీ మూట ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. బస్టాండులో ఎర్రగొండపాలెం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మజీద్ మూట లోపలికి అందించి, కిటికీ దగ్గర నిలబడి, మళ్ళీ వచ్చేటప్పుడు ఏ బస్సో ఫోను చెయ్యమన్నాడు. సరేనంది. బస్సు బస్టాండు మలుపు తిరిగేటప్పుడు చూస్తే ఆయన టీ కొట్టు ముందు చేరి, కొట్టువాడికి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు.